కుక్కలకు మందు పెట్టడం కాదు, చెలమ నీళ్ళు చూద్దాం

పోయిన వానాకాలం మా మండలంలోని ఒక గూడెంలో వరసగా కామెర్లు వచ్చాయి. మొదట ఒక పిల్లవాడికి, తర్వాత వాడి మేనమామకు, ఆ తర్వాత నాలుగిళ్ళ అవతల ఇద్దరు ఆడవాళ్ళకు. పసరు మందు పోసేవాడి ఇంటి ముందు పొద్దున్నే జనం కూర్చున్నారు. ఇది మనకు కొత్త కాదు. వాగు పొంగి తీసిన ఏడాదల్లా ఎక్కడో ఒకచోట కామెర్లు వస్తూనే ఉంటాయి. ఈసారి కొత్తగా జరిగింది వేరే. ఎవరి ఫోనులోకో ఒక కబురు వచ్చింది. కుక్కల నెత్తుట్లో కామెర్ల క్రిమి ఉందట, దాని పేరు హెపటైటిస్ ఈ అట, పందుల్లో అయితే ఇంకా ఎక్కువట. వారం తిరక్కుండా ఆ ఊళ్ళో నాలుగు కుక్కలు చచ్చి పడ్డాయి. మాంసం ముక్కల్లో గుళికల మందు పెట్టి వేశారు.

చచ్చిన వాటిలో ఒకటి మొక్కజొన్న చేను కాసే కుక్క. రెండు కాపుల నుంచి అడవిపందుల్ని చేలో అడుగు పెట్టనివ్వలేదు. దాన్ని పెంచుకున్నాయన మన సంఘం సభ్యుడు. మందు పెట్టినాయన కూడా మన సభ్యుడే. ఇద్దరి పేర్లూ రాయడం లేదు, ఇద్దరూ ఈ పత్రిక చదువుతారు కాబట్టి వాళ్ళకు తెలుస్తుంది. మందు పెట్టినాయన దుర్మార్గుడు కాదు. ఆయన కోడలు ఏడు నెలల గర్భిణి. భయపడ్డాడు. భయపడటంలో తప్పు లేదు. భయపడాల్సింది కుక్కను చూసి కాదు అని చెప్పడానికే ఇది రాస్తున్నాం.

ఫోనులో వచ్చిన కబురు పూర్తిగా అబద్ధం కాదు, అందుకే అంత తొందరగా జనం నమ్మారు. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ శాస్త్రవేత్తలు మన దేశంలో పలుచోట్ల జంతువుల నెత్తురు తీసి పరీక్షించి, ఫలితాలు 2001లో ప్రచురించారు. పందుల్లో సగానికి పైగా, కొన్నిచోట్ల నూటికి డెబ్బై దాటి, ఈ హెపటైటిస్ ఈ తగిలిన గుర్తులు కనిపించాయి. కుక్కల్లో నూటికి ఇరవైకి పైగా, గొడ్లలో నూటికి అయిదారు. ఎలుకల్లోనూ కొద్దిగా ఉంది. మేకల్లో మాత్రం ఒక్కదానికీ లేదు. లెక్క ఇంతవరకే. కుక్కల వల్ల మనుషులకు కామెర్లు వచ్చాయని అందులో ఎక్కడా లేదు.

ఆ పరీక్షలో చూసింది క్రిమిని కాదు, యాంటీబాడీని. ఓటు వేసినవాడి వేలికి సిరా గుర్తు ఉంటుంది కదా, అలాంటిది. ఆ గుర్తును బట్టి వాడు పోలింగ్ బూతు దాకా వెళ్ళాడని తెలుస్తుంది, ఎవరికి వేశాడో తెలియదు. కుక్క నెత్తుట్లో గుర్తు ఉందంటే ఎప్పుడో ఒకసారి ఆ క్రిమి దాని ఒంట్లోకి పోయిందని అర్థం. క్రిమి ఇప్పుడు దాని ఒంట్లో ఉన్నట్టు కాదు, ఇంకొకరికి అంటిస్తున్నట్టూ కాదు. కుక్క నుంచి మనిషికి ఈ జబ్బు వచ్చినట్టు ఇంతవరకు రుజువు లేదు.

మరి కుక్క ఒంట్లోకి ఎలా పోయింది? మన ఊరి కుక్క ఏం తింటుందో, ఏం తాగుతుందో మనకు తెలియనిదా? చెరువు గట్టు వెనక మనం కూర్చున్నచోటే అది మూతి పెడుతుంది. పంది పొర్లిన గుంటలో నీళ్ళు తాగుతుంది. అడవిపంది కళేబరం దొరికితే పేగులు లాగుతుంది. వాగు ఒడ్డున మనం తోడుకునే చెలమలోనే దప్పిక తీర్చుకుంటుంది. దాని ఒంట్లో గుర్తు ఉందంటే అది తిరిగే చోట ఈ క్రిమి ఉందన్నమాట. అంటే మనం తిరిగే చోట ఉన్నట్టే. ఆ సంగతి చెప్పగల సాక్షిని గుళికలు పెట్టి చంపుకున్నాం. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద అది నేరం కూడా, కానీ కేసులకంటే ముందు బుర్ర పెట్టాల్సిన విషయం ఇది.

ఇక పందులు. కుక్కల తర్వాత మాట పందుల మీదికి పోయింది, పందుల నుంచి వాటిని పెంచుకునే ఎరుకల కుటుంబాల మీదికి పోయింది. రెండు కుటుంబాల్ని ఊరవతలికి పొమ్మన్నారు. సంఘం తరఫున మేము నలుగురం పోయి మాట్లాడితే తాత్కాలికంగా సద్దుమణిగింది. అక్కడ మేము చెప్పిన మాటే ఇక్కడా చెబుతున్నాం. హెపటైటిస్ ఈ క్రిమిలో రకాలున్నాయి. ఒకటో రకం, రెండో రకం మనుషులకే వస్తాయి. మనిషి దొడ్డికి పోయిన మలం నీళ్ళలో కలిస్తే, ఆ నీళ్ళు ఇంకొక మనిషి తాగితే వస్తాయి. మూడో రకం, నాలుగో రకం పందుల్లో, అడవిపందుల్లో, జింకల్లో ఉంటాయి, అప్పుడప్పుడు మనుషులకు అంటుతాయి. మన దేశంలో కామెర్లు వచ్చిన మనుషుల్లో చూసినప్పుడు దాదాపు అంతా ఒకటో రకమే. మన దేశపు పందుల్లో చూస్తే నాలుగో రకం. అమెరికాలో ఒకటో రకం క్రిమిని కావాలని పందులకు ఎక్కించి చూస్తే వాటికి అంటనే లేదు. కాబట్టి మన గూడేల్లో ఏటా వచ్చే కామెర్లకు పందిని ముద్దాయిని చేయడానికి ఆధారం లేదు. ఆ క్రిమి మనిషి నుంచి వచ్చి, నీళ్ళలో కలిసి, మళ్ళీ మనిషిలోకే పోతోంది.

దీనికి మన దేశంలోనే పెద్ద ఉదాహరణ ఉంది. 1955 చివర్లో ఢిల్లీలో యమునా నది దారి మారి, నగరపు మురుగు కాలువ నీళ్ళు తాగునీటి కేంద్రం దగ్గరికి ఎదురు వచ్చాయి. అధికారులు క్లోరిన్ పెంచారు. టైఫాయిడ్, విరేచనాలు పెద్దగా రాలేదు. కానీ వారాలు గడిచాక, డిసెంబరు, జనవరి నెలల్లో సుమారు 29 వేల మందికి కామెర్లు వచ్చాయి. అది ఏ కామెరో అప్పటికి ఎవరికీ తెలియదు. దాచిపెట్టిన రక్తాన్ని ఏళ్ళ తర్వాత పరీక్షిస్తే హెపటైటిస్ ఈ అని తేలింది. మనకు దగ్గరగా చూస్తే 2005లో హైదరాబాదులో 1,600 మందికి పైగా ఇదే జబ్బు వచ్చింది. మంచినీళ్ళ పైపులు మురుగు కాలువల్ని దాటే చోట కలుషితమయ్యాయి. ఈ రెండు చోట్లా కారణం కుక్కా కాదు, పందీ కాదు.

చాలామందికి ఈ జబ్బు నాలుగైదు వారాల్లో దానంతటదే తగ్గుతుంది. వాంతులు, అన్నం సహించకపోవడం, కళ్ళు, మూత్రం పచ్చబడటం, నీరసం. విశ్రాంతి తీసుకుని, సారా కల్లు మానితే మనిషి లేస్తాడు. అందుకే పసరు మందుకు అంత పేరు. పసరు పోసినా తగ్గుతుంది, పోయకపోయినా తగ్గుతుంది. చేతి మీద వాతలు పెట్టించుకుని చీము పట్టినవాళ్ళను మాత్రం మేము చూశాం, అది అదనపు జబ్బు. కానీ గర్భిణుల విషయంలో ఈ కామెర కనికరించదు. చివరి మూడు నెలల్లో వస్తే నూటికి ఇరవై, ఇరవై అయిదు మంది దాకా చనిపోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 1978లో కశ్మీరు లోయలో ఊళ్ళకు ఊళ్ళు కామెర్లతో పడిపోయినప్పుడు డాక్టర్ ఖురూ గమనించింది కూడా ఇదే, గర్భిణులు ఎక్కువగా పోతున్నారని. గర్భిణికి కామెర్లని అనుమానం వస్తే పసరు కోసం ఒక్క పూట కూడా ఆగకూడదు. 108కి ఫోన్ చేయాలి.

ఇప్పుడు రైతులుగా మన తోటల సంగతి. ఇది రాయడానికి మాకు కొంచెం ఇబ్బందిగానే ఉంది.

జనవరి వస్తే మిరప ఏరడం మొదలవుతుంది. ఖమ్మం యార్డుకు పోయే కాయ అంతా మన కుటుంబాల చేతులతో ఏరింది కాదు. ఛత్తీస్‌గఢ్ నుంచి, సుక్మా, బీజాపూర్ వైపు నుంచి, మన ఏజెన్సీ గూడేల నుంచి ముఠాలు ముఠాలుగా వస్తారు. ట్రాక్టరు మీద, బొలెరో మీద పిల్లాజెల్లా, వంటపాత్రలు, కోళ్ళతో సహా దిగుతారు. ఆడవాళ్ళే ఎక్కువ. అందులో గర్భిణులు ఉంటారు, చంకలో పిల్లలున్నవాళ్ళు ఉంటారు. తోట గట్టున పట్టా కట్టుకుని రెండు మూడు నెలలు ఉంటారు. మేస్త్రితో మనం కిలోకు ఎంత, బస్తాకు ఎంత అని గీచి గీచి మాట్లాడతాం. నీళ్ళ సంగతి ఎంతమందిమి మాట్లాడాం?

భగీరథ నీళ్ళు ఊళ్ళోకి వస్తాయి, తోటలోకి రావు. బోరున్న తోటలో ఉన్నవాళ్ళు అదృష్టవంతులు. మిగతావాళ్ళు వాగులో ఇసుక తోడి చెలమ చేసుకుంటారు, లేదా మందులు కలిపే కుంట పక్కనే బిందె ముంచుతారు. మరుగుదొడ్డి మాటే లేదు. యాభై అరవై మంది రెండు నెలల పాటు ఎక్కడికి పోతారు? వాగు ఒడ్డుకే పోతారు. అదే వాగు, అదే చెలమ. ఒక్కరు ఆ క్రిమితో వచ్చినా చాలు.

ఇందులో మనం గమనించని ఇంకో సంగతి ఉంది. ఈ క్రిమి ఒంట్లోకి పోయిన వెంటనే జబ్బు బయటపడదు. రెండు వారాల నుంచి పది వారాల దాకా పట్టవచ్చు, ఎక్కువగా అయిదారు వారాలు. అంటే మార్చిలో మన తోటలో నీళ్ళు తాగిన మనిషికి ఏప్రిల్లోనో మేలోనో కళ్ళు పచ్చబడతాయి. అప్పటికి ఆమె లెక్క చూసుకుని, డబ్బులు కొంగున కట్టుకుని, నది అవతల వాళ్ళ ఊరికి పోయి ఉంటుంది. అక్కడ ఏమైందో మనకు ఎవరూ చెప్పరు. మరుసటేడు మేస్త్రి వేరే మనుషుల్ని తెస్తాడు. "మా తోటలో ఏనాడూ ఎవరికీ జబ్బు రాలేదు" అని మనం నిజాయితీగానే అంటాం. మేమూ అలాగే అనేవాళ్ళం. మూడేళ్ళ కిందట ఒక మేస్త్రిని, పోయినేడు వచ్చిన ఫలానా అమ్మాయి రాలేదేమని అడిగితే, "కామెర్లొచ్చి కాన్పులోనే పోయింది దొరా" అన్నాడు. అది ఏ కామెరో, ఎక్కడి నీళ్ళ వల్లో మేము చెప్పలేం. మా తోట నీళ్ళ వల్ల కాదని కూడా చెప్పలేం. అప్పటి నుంచి మేము చెలమ నీళ్ళు తాగనివ్వడం లేదు.

కాబట్టి ఈ ఏరుడుకు ముందే ప్రతి గ్రామ కమిటీ కూర్చుని, ముఠా దించే ప్రతి తోటకు తాగే నీళ్ళు ఎక్కడివో తేల్చాలి. ఊరి నల్లా నీళ్ళు డ్రమ్ముల్లో ట్రాక్టరు మీద తెప్పించడం అన్నిటికంటే సులువు. డ్రమ్ముకు మూత, కింద కుళాయి ఉండాలి. చెంబు ముంచితే మళ్ళీ మొదటికే వస్తుంది. పురుగుమందు డబ్బాలు, డ్రమ్ములు కడిగి వాడే అలవాటు కొందరికి ఉంది, అది ఇంకో ఘోరం, దాని మీద వేరే రాస్తాం.

బావి నీళ్ళే దిక్కయినచోట బ్లీచింగ్ వేయాలి. ఎంత వెయ్యాలో చాలామందికి తెలియక గుప్పెడు చల్లి వదిలేస్తారు. లెక్క కష్టమేం కాదు. బావి అడ్డం మీటర్లలో కొలవండి, దాన్ని దానితోనే హెచ్చవేయండి, నీటి లోతుతో హెచ్చవేయండి, వచ్చినదాన్ని 785తో హెచ్చవేస్తే లీటర్లు వస్తాయి. అడ్డం 3 మీటర్లు, నీళ్ళు 4 మీటర్లు ఉంటే 28 వేల లీటర్ల పైచిలుకు. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ లెక్కన 70 గ్రాములు చాలు. బకెట్‌లో నీళ్ళతో కలిపి, సున్నం అడుగున దిగాక, పైన తేరిన నీళ్ళనే బావిలో పోసి చేదతో బాగా కలపాలి. సాయంత్రం వేసి పొద్దున తోడుకోవాలి. నిరుటి నుంచి మూతి విప్పి ఉంచిన బస్తాలో ఘాటు ఉండదు, అది వేసినా వేయనట్టే. ఇంకొకటి, నీళ్ళు బురదగా ఉంటే బ్లీచింగ్ సరిగా పని చేయదు. ఢిల్లీలో క్లోరిన్ పెంచినా కామెర్లు ఆగలేదని పైన రాశాం. వరద తర్వాత బురద నీళ్ళను తేర్చి, గుడ్డతో వడగట్టాకే మందు వేయాలి. గర్భిణులకు మాత్రం ఏ నీళ్ళయినా తెర్లకాచి చల్లార్చినవే ఇవ్వాలి. తోటలో పొయ్యికి కట్టెలకు కొదవ లేదు.

అడవిపంది గురించి కూడా ఒక మాట చెప్పాలి. మన మొక్కజొన్న, వేరుశనగ ఎన్ని ఎకరాలు తవ్విపోస్తోందో ఈ పత్రికలో ఎన్నోసార్లు రాశాం, నష్టపరిహారం కోసం అటవీ శాఖ ఆఫీసుల చుట్టూ తిరిగాం. అది వేరే పోరాటం, సాగుతూనే ఉంది. అనుమతి లేకుండా వేటాడటం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. కరెంటు తీగలకు పందులే కాదు మనుషులూ చచ్చారు. అయినా మాంసం ఊళ్ళోకి వస్తోంది, కళ్ళు మూసుకుంటే లాభం లేదు. ఇక్కడ మాత్రం జంతువు నుంచి మనిషికి వచ్చే దారి నిజంగా ఉంది. 2003లో జపానులో ఒక జింక పచ్చిమాంసం తిన్నవాళ్ళకు హెపటైటిస్ ఈ వచ్చింది. మిగిలిన మాంసం ఫ్రిజ్‌లో ఉంటే పరీక్షించారు, అదే క్రిమి దొరికింది. అడవిపంది మాంసంతోనూ అక్కడ అలాగే జరిగింది. మన దగ్గర పచ్చిది ఎవరూ తినరు, కూర బాగానే ఉడికిస్తాం. కానీ కార్జం మాత్రం నిప్పుల మీద వేసి, పైపైన కాలగానే ఉప్పూకారం అద్దుకుని తినేవాళ్ళున్నారు. ఈ క్రిమి కాపురం ఉండేదే కార్జంలో. ముక్క లోపలి దాకా 71 డిగ్రీల వేడి ఇరవై నిమిషాలు తగిలితే అది చస్తుంది. కుండలో కుతకుతా ఉడికిన కూరతో భయం లేదు. ఊరపంది అయినా ఇంతే. పేగులు వాగులో కడగడం కూడా మానాలి, ఎన్నో ఊళ్ళకు అవి తాగే నీళ్ళు.

ఇక ప్రభుత్వం చేయాల్సింది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. 1986లో 75 అడుగులు దాటిన వరదను మా తరంవాళ్ళం కళ్ళారా చూశాం. రెండుసార్లూ నీళ్ళు తీశాక బురద ఎత్తారు, బియ్యం పంచారు, ఫోటోలు దిగారు. అయిదారు వారాల తర్వాత కామెర్లు బయటపడే సమయానికి మెడికల్ క్యాంపులు ఎత్తేసి ఉంటాయి. మొదటి హెచ్చరిక 43 అడుగులు దాటిన ప్రతి ఏడాదీ వరద తీసిన రెండు నెలల దాకా దుమ్ముగూడెం, చర్ల, బూర్గంపాడు, అశ్వాపురం మండలాల మునక గూడేల్లో గర్భిణులను వారం వారం చూడాలి. ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు చేయగలరు. వాళ్ళకు పెట్రోలు డబ్బులు, క్లోరిన్ బిళ్ళలు ఇవ్వాలి అంతే.

రెండోది పరీక్ష. మా ఇంటి పక్క అమ్మాయికి కామెర్లొస్తే ఒక ఆస్పత్రిలో నెత్తురు తీసి కామెర ఎంత ఉందో చెప్పారు, ఏ కామెరో చెప్పలేదు. అడిగితే "ఏదైతే ఏంటి, మందు ఒకటే" అన్నారు. మందు ఒకటే కావచ్చు, కారణం ఒకటి కాదు. బీ రకమైతే సూది వల్లో, నెత్తురు వల్లో వచ్చి ఉంటుంది. ఈ రకమైతే ఆ ఊరి నీళ్ళు మర్నాడే ఆపాలి. 2018లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమంలో ఈ రకం కూడా ఉంది. కాగితం మీద ఉన్నది భద్రాచలం, కొత్తగూడెం ఆస్పత్రుల్లో గర్భిణులకైనా ఉచితంగా అందాలి. ఒక గూడెంలో మూడో కామెర్ల కేసు వచ్చిన రోజే నీళ్ళ శాంపిల్ తీయాలి. పశువైద్య శాఖవాళ్ళు కుక్కలకు రేబిస్ సూదులు వేయడానికి వచ్చినప్పుడు కొన్నిటి నెత్తురు కూడా తీసి పంపితే, ఏ వాగు ఒడ్డున క్రిమి తిరుగుతోందో మనిషి పడిపోకముందే కొంత తెలుస్తుంది. అది ఏ రకమో ఆ పరీక్ష చెప్పకపోయినా, ఏ ఊరి నీళ్ళు ముందు చూడాలో చెబుతుంది.

చైనాలో 2011లో ఈ జబ్బుకు టీకా అనుమతించారు. మన దేశంలో ఇంకా వాడుకలోకి రాలేదు. దాని కోసం ఎదురు చూస్తూ కూర్చునే పని మనకు లేదు.

ముఠాలు దిగేలోపు మండల కమిటీ సమావేశం పెడుతున్నాం. వచ్చేటప్పుడు ప్రతి గ్రామ కమిటీ ఒక కాగితం తేవాలి. ఏ ఏ తోటల్లో ముఠాలు దిగుతున్నాయి, ఒక్కో ముఠాలో ఎంతమంది, అందులో గర్భిణులు ఎందరు, వాళ్ళు తాగే నీళ్ళు ఎక్కడివి, బావి అయితే దాని అడ్డం, లోతు. మరుగుకు నాలుగు పట్టాలు కట్టి గుంట తవ్వించడానికి ఎవరెవరు ఒప్పుకున్నారో కూడా రాయండి, ఒప్పుకోనివాళ్ళ పేర్లూ రాయండి. కుక్క పోయినాయనకు, మందు పెట్టినాయనకు ఇద్దరికీ కబురు పంపాం, వస్తామన్నారు.